పరమాణు కాలజ్ఞుడు – రూథర్‌ఫర్డ్

ప్రకృతిలో మార్పు సహజం. ఇనుము తుప్పు పడుతుంది. కట్టె కాలి బూడిద అవుతుంది. కొండరాయి అరిగి ఇసుకగా మారుతుంది. అయితే ఈ మార్పులన్నిటికీ ఆధారమైన పరమాణువు మాత్రం ఎన్నటికీ మారదనీ, దానికి పుట్టుక గాని నాశనం గాని లేదనీ పంతొమ్మిదవ శతాబ్దపు శాస్త్రవేత్తలు దృఢంగా విశ్వసించారు. ఆ విశ్వాసం పొరపాటని ప్రయోగపూర్వకంగా చూపి, కొన్ని మూలకాల పరమాణువులు తమంతట తామే విఘటనం చెందుతాయనీ, ఆ విఘటనం కచ్చితమైన గణిత నియమాన్ని అనుసరించి సాగుతుందనీ నిరూపించిన మహనీయుడు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. పరమాణు కేంద్రకాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞుడుగా ఆయన పేరు విద్యార్థి లోకానికి సుపరిచితమే. కాని అంతకు దశాబ్దం ముందే ఆయన మానవజాతికి ఒక అపూర్వమైన గడియారాన్ని అందించాడు. ఆ గడియారానికి ముళ్ళు లేవు, కీలు లేవు. దాని పేరు అర్ధజీవితకాలం.

రూథర్‌ఫర్డ్ 1871 ఆగస్టు 30వ తేదీన న్యూజిలాండ్ దేశంలోని నెల్సన్ పట్టణానికి సమీపాన ఒక పల్లెలో జన్మించాడు. తండ్రి జేమ్స్ బాల్యంలోనే స్కాట్లాండు నుండి వలస వచ్చినవాడు. బండి చక్రాలు చేయడం, నార మిల్లు నడపడం, సేద్యం చేయడం వంటి పనులతో ఆయన కుటుంబాన్ని పోషించాడు. తల్లి మార్తా ఉపాధ్యాయిని. పన్నెండుమంది సంతానంలో ఎర్నెస్ట్ నాలుగవవాడు. పెద్ద కుటుంబం, పరిమితమైన రాబడి. పిల్లలందరూ బడికి వెళ్ళి వచ్చిన తరువాత పొలం పనుల్లో చేయి కలపవలసినదే. సోదరులలో ఇద్దరు నీట మునిగి మరణించడం ఆ కుటుంబానికి తీరని దుఃఖాన్ని మిగిల్చింది. ఇన్ని ఇబ్బందుల నడుమ కూడా చదువు విలువ తెలిసిన తల్లి తన బిడ్డల విద్యను నిర్లక్ష్యం చేయలేదు. కుమారుడు ఎంత గొప్పవాడైనా ఆమెకు ఉత్తరాలు రాయడం మానలేదు.

ఉపకార వేతనాలే రూథర్‌ఫర్డ్ చదువుకు ఆధారమయ్యాయి. 1887లో ఒక ఉపకార వేతనంతో ఆయన నెల్సన్ కళాశాలలో చేరాడు. మరొకదానితో 1890లో క్రైస్ట్‌చర్చ్ నగరంలోని కాంటర్‌బరీ కళాశాలలో ప్రవేశించాడు. గణిత, భౌతిక శాస్త్రాలు రెండింటిలోనూ ప్రథమశ్రేణి సాధించి 1893లో ఎం.ఏ. పట్టం పొందాడు. ఒక భౌతిక శాస్త్రజ్ఞుడు గణితంలో కూడా అంతటి పట్టు సాధించడం ఆయన భావి పరిశోధనలకు ఎంతగానో ఉపకరించింది. 1895లో విదేశాలలో పరిశోధన చేయడానికి ఇచ్చే ఉపకార వేతనం ఒకటి ప్రకటింపబడింది. దానికి మొదట ఎంపికైనవాడు మరొక అభ్యర్థి. అతడు స్వీకరించకపోవడంతో ఆ అవకాశం రూథర్‌ఫర్డ్‌ను వరించింది. ఇరవై నాలుగేళ్ళ ఆ యువకుడు ఓడ ఎక్కి ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని కేవెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ పర్యవేక్షణలో పరిశోధన ప్రారంభించాడు.

అది భౌతిక శాస్త్రంలో అద్భుతాలు వెల్లువెత్తిన కాలం. 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1896లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకెరల్ యురేనియం లవణాల నుండి వాటంతట అవే కిరణాలు వెలువడుతున్నట్లు గుర్తించాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్ ఉనికిని నిర్ధారించాడు. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే కొత్త మూలకాలను ప్రకటించి, ఈ విచిత్ర ధర్మానికి రేడియోధార్మికత అనే పేరు పెట్టారు. యురేనియం కిరణాలను పరిశీలించిన రూథర్‌ఫర్డ్ వాటిలో రెండు రకాలున్నాయని తేల్చి, సులభంగా ఆగిపోయేవాటికి ఆల్ఫా అనీ, మరింత లోతుకు చొచ్చుకుపోయేవాటికి బీటా అనీ నామకరణం చేశాడు. కిరణాలు ఉన్నాయన్న విషయం అందరూ అంగీకరించారు. అవి ఎక్కడి నుండి వస్తున్నాయి, ఏ శక్తితో వస్తున్నాయి అన్న ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా సమాధానం లేదు.

1898లో రూథర్‌ఫర్డ్ కెనడా దేశపు మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. అక్కడ ఓవెన్స్ అనే సహోద్యోగి థోరియం లవణాలను పరీక్షిస్తూ ఒక చిక్కును ఎదుర్కొన్నాడు. గది తలుపు తెరిచి గాలి వీచినప్పుడల్లా థోరియం ధార్మికత మారిపోతున్నది. సాధారణ పరిశోధకుడైతే తలుపు గట్టిగా మూసి తన పని తాను చూసుకునేవాడు. రూథర్‌ఫర్డ్ ఆ చిక్కులోనే రహస్యం దాగి ఉందని గ్రహించాడు. థోరియం నుండి ఏదో వాయురూప పదార్థం వెలువడుతున్నదనీ, గాలి దానిని మోసుకుపోతున్నదనీ నిశ్చయించి, దానికి ఎమనేషన్ అని పేరు పెట్టాడు. వెలువడినది అని ఆ మాటకు అర్థం.

ఆ వాయువును గాలి ప్రవాహంతో ఒక పాత్రలోనికి పంపి, ప్రవాహాన్ని ఆపివేసి, దాని ధార్మికతను ఎలక్ట్రోమీటర్ సహాయంతో క్షణక్షణం కొలిచాడు. ధార్మికత ఆగకుండా తగ్గుతూ వచ్చింది. తగ్గడంలో వింత లేదు. తగ్గిన తీరులోనే వింత ఉంది. సుమారు ఒక నిమిషంలో అది సగమైంది. రెండవ నిమిషంలో పూర్తిగా మాయం కాలేదు. మిగిలిన సగంలో సగమైంది. మూడవ నిమిషంలో ఆ పాతికలో సగం పోయి, మొదటి విలువలో ఎనిమిదవ వంతు మిగిలింది. ప్రయోగం ఏ క్షణంలో మొదలుపెట్టినా, వాయువు ఎక్కువగా ఉన్నా తక్కువగా ఉన్నా సగం కావడానికి పట్టే సమయం మారలేదు. ఈ ఫలితాన్ని రూథర్‌ఫర్డ్ 1900 సంవత్సరంలో ప్రచురించాడు. ఒక ధార్మిక పదార్థం సగానికి తగ్గే కాలం ఆ పదార్థానికే ప్రత్యేకమైన గుర్తు అన్న భావనకు ఇక్కడే బీజం పడింది.

ఈ తరుగుదలను ప్రమిదలోని నూనె తరుగుదలతో పోల్చి చూస్తే దాని ప్రత్యేకత బోధపడుతుంది. వెలుగుతున్న దీపంలో మొదటి గంటలో ఎంత నూనె తరిగితే రెండవ గంటలోనూ ఇంచుమించు అంతే తరుగుతుంది. ప్రమిద సగం కావడానికి రెండు గంటలు పడితే, మరి రెండు గంటలకు అది ఒట్టిపోతుంది. రేడియోధార్మిక పదార్థం అలా తరగదు. ఏ క్షణంలోనైనా విఘటనం చెందే పరమాణువుల సంఖ్య ఆ క్షణంలో మిగిలి ఉన్న పరమాణువుల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఉన్నది ఎక్కువైతే పోయేది ఎక్కువ. ఉన్నది తగ్గే కొద్దీ పోయేదీ తగ్గుతుంది. చక్రవడ్డీ లెక్కలో సొమ్ము ప్రతి సంవత్సరం ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది గదా! ఆ లెక్కను తలక్రిందులు చేస్తే వచ్చేదే ఈ తరుగుదల లెక్క.

గణిత శాస్త్రంలో ఇటువంటి మార్పును తెలిపే సమీకరణాన్ని ఘాత సమీకరణం అంటారు. ఇందులో తెలియని రాశి అయిన కాలం ఘాతాంకం స్థానంలో ఉంటుంది. గడచిన కాలాన్ని అర్ధజీవితకాలంతో భాగిస్తే ఎన్ని సగాలు గడిచాయో తెలుస్తుంది. రెండవ వంతు అనే భిన్నాన్ని అన్నిసార్లు దానితోనే గుణించి, ఆ లబ్ధాన్ని పరమాణువుల తొలి సంఖ్యతో గుణిస్తే మిగిలిన పరమాణువుల సంఖ్య వస్తుంది. థోరియం వాయువు విషయంలో పది నిమిషాలు గడిస్తే సుమారు పది సగాలు గడిచినట్లు. అప్పుడు మిగిలేది మొదటి దానిలో 1,024వ వంతు మాత్రమే. ఇదే సమీకరణాన్ని తిరగవేసి, మిగిలినది ఎంతో తెలిసినప్పుడు గడచిన కాలం ఎంతో కనుగొనడానికి సంవర్గమానాలు ఉపయోగపడతాయి. ఈ రెండవ ఉపయోగమే రూథర్‌ఫర్డ్ చేతిలో చరిత్రను మార్చిన సాధనమయింది.

1900లో రూథర్‌ఫర్డ్ క్రైస్ట్‌చర్చ్‌కు వెళ్ళి, అక్కడ తన కోసం ఐదేళ్ళు నిరీక్షించిన మేరీ న్యూటన్‌ను వివాహమాడాడు. తిరిగి మాంట్రియల్ చేరిన తరువాత ఆయనకు ఫ్రెడరిక్ సాడీ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుని సహకారం లభించింది. థోరియం వాయువు హీలియం, ఆర్గాన్‌ల వలె రసాయనిక చర్యలలో పాల్గొనని జడవాయువని సాడీ నిర్ధారించాడు. థోరియం లోహం నుండి దానితో ఏ పోలికా లేని జడవాయువు ఎట్లా పుడుతుంది? ఒక మూలకం మరొక మూలకంగా మారితే తప్ప అది సాధ్యం కాదు. రాగిని బంగారంగా మారుస్తామని పలికే పసరువైద్యుల కోవలోకి తమను చేరుస్తారేమోనన్న సందేహం వారిని వెన్నాడింది. అందుచేత రూథర్‌ఫర్డ్ ఆ మాటను పైకి చెప్పడానికి తొందరపడలేదు. సాక్ష్యం కోసం ప్రయోగాన్నే ఆశ్రయించాడు.

1901 చివరలో వారు థోరియం సమ్మేళనం నుండి అత్యధిక ధార్మికత గల ఒక పదార్థాన్ని రసాయనిక పద్ధతిలో వేరు చేసి, దానిని థోరియం ఎక్స్ అన్నారు. ధార్మికతను చాలవరకు కోల్పోయిన థోరియాన్ని ఒక పక్కన, థోరియం ఎక్స్‌ను మరొక పక్కన ఉంచి క్రిస్మస్ సెలవులకు వెళ్ళారు. సుమారు మూడు వారాల తరువాత వచ్చి చూస్తే ఆశ్చర్యకరమైన దృశ్యం కనిపించింది. బలహీనపడిన థోరియం తన ధార్మికతను పూర్తిగా తిరిగి సంపాదించుకున్నది. బలంగా ఉన్న థోరియం ఎక్స్ ఇంచుమించు నిర్వీర్యమైపోయింది. వారు ప్రయోగాన్ని మళ్ళీ మొదటి నుండి ప్రారంభించి, ప్రతిరోజూ కొలతలు తీసి గ్రాఫు గీశారు. థోరియం ఎక్స్ సుమారు నాలుగు రోజులకు సగమవుతున్నది. థోరియం సరిగ్గా అదే వ్యవధిలో పోగొట్టుకున్న దానిలో సగం తిరిగి పొందుతున్నది. దిగే వక్రరేఖ, ఎక్కే వక్రరేఖ ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాల వలె ఉన్నాయి. రెండింటినీ కూడితే మొత్తం ఎప్పుడూ ఒకటే.

దీని అర్థం స్పష్టం. థోరియం స్థిరమైన వేగంతో థోరియం ఎక్స్‌ను నిరంతరం పుట్టిస్తున్నది. థోరియం ఎక్స్ పుట్టినది పుట్టినట్లే తన నియమం ప్రకారం నశిస్తూ వాయువుగా మారుతున్నది. అడుగున చిల్లు ఉన్న తొట్టిలోనికి ఒకే వేగంతో నీరు వదిలితే మట్టం కొంతవరకు పెరిగి, పోసేదీ పోయేదీ సమానం కాగానే నిలిచిపోతుంది. థోరియం ధార్మికత నిలకడగా కనిపించడానికి కారణం కూడా అటువంటి సమతాస్థితియే. 1902, 1903 సంవత్సరాలలో రూథర్‌ఫర్డ్, సాడీ ప్రచురించిన వ్యాసాలలో పరమాణువులు విఘటనం చెంది కొత్త మూలకాల పరమాణువులుగా మారుతాయన్న సిద్ధాంతం వెలువడింది.

ఆ ప్రకటన శాస్త్రలోకంలో కలవరం రేపింది. ఇటువంటి విపరీత సిద్ధాంతం వల్ల తమ సంస్థకు అపకీర్తి కలుగుతుందని మెక్‌గిల్ సహోద్యోగులలో కొందరు భయపడి హెచ్చరించారు. భౌతిక శాస్త్ర శాఖాధిపతి జాన్ కాక్స్ మాత్రం రూథర్‌ఫర్డ్ పక్షాన నిలిచాడు. రూథర్‌ఫర్డ్ వాదోపవాదాలతో కాలం వ్యర్థం చేయలేదు. ఒక్కొక్క ధార్మిక పదార్థానికి అర్ధజీవితకాలాన్ని కొలిచి, ఏది దేని నుండి పుడుతున్నదో వంశవృక్షం రాసినట్లు రాసుకుంటూ పోయాడు. కంటికి కనిపించనంత స్వల్పమైన పదార్థాన్ని కూడా దాని అర్ధజీవితకాలాన్ని బట్టి గుర్తుపట్టవచ్చునని చూపాడు. ఆయన వద్ద పరిశోధన చేసిన హారియట్ బ్రూక్స్ అనే కెనడా శాస్త్రజ్ఞురాలు ఈ కృషిలో ప్రముఖ పాత్ర వహించింది.

అప్పటికి భూమి వయస్సు విషయమై ఒక పెద్ద వివాదం నడుస్తున్నది. ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లార్డ్ కెల్విన్ భూమి చల్లబడే వేగాన్ని లెక్కించి, దాని వయస్సు రెండు నుండి నాలుగు కోట్ల సంవత్సరాలకు మించదని 1897లో తీర్మానించాడు. కొండలు, లోయలు, జీవజాతులు రూపొందడానికి అంత తక్కువ కాలం చాలదని భూగర్భ శాస్త్రజ్ఞులూ, డార్విన్ అనుయాయులూ భావించారు. అయినా కెల్విన్ గణితాన్ని ఎదిరించే సాధనం వారి వద్ద లేదు. 1903లో పియరీ క్యూరీ, లబోర్డ్ అనే శాస్త్రజ్ఞులు రేడియం నిరంతరం వేడిని వెలువరిస్తున్నదనీ, ఒక గంటలో అది వెలువరించే వేడి దాని బరువుకు సమానమైన మంచునీటిని ఇంచుమించు మరిగే స్థితికి తేగలదనీ కనుగొన్నారు. భూగర్భంలోని ధార్మిక పదార్థాలు ఇట్లా వేడిని పుట్టిస్తూ ఉంటే కెల్విన్ లెక్క నిలువదు.

1904లో రూథర్‌ఫర్డ్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ విషయంపై ప్రసంగించాడు. సుమారు ఎనభై ఏళ్ళ వృద్ధుడైన కెల్విన్ శ్రోతలలో ఉన్నాడు. ఆయనను చూడగానే రూథర్‌ఫర్డ్‌కు ఇబ్బందిగా తోచింది. ప్రసంగం సాగుతుండగా కెల్విన్ కునుకు తీయడంతో కొంత ఊరట కలిగింది. కాని భూమి వయస్సు ప్రసక్తి రాగానే ఆ వృద్ధుడు మేల్కొని తీక్షణంగా చూశాడు. అప్పుడు రూథర్‌ఫర్డ్‌కు సమయస్ఫూర్తి కలిగింది. కొత్త ఉష్ణమూలం ఏదీ బయటపడకపోతేనే తన లెక్క చెల్లుతుందని కెల్విన్ ముందే షరతు విధించాడనీ, ఇప్పుడు బయటపడిన రేడియమే ఆయన ముందుచూపుకు నిదర్శనమనీ చెప్పాడు. కెల్విన్ ముఖం వికసించింది. పెద్దవారి గౌరవానికి భంగం కలగకుండా సత్యాన్ని సభలో నిలిపిన ఈ ఉదంతాన్ని రూథర్‌ఫర్డ్ తరువాతి కాలంలో తానే చెప్పుకొని నవ్వుకునేవాడు.

అంతటితో ఆయన ఊరుకోలేదు. యురేనియం ఉన్న ఖనిజాలలో హీలియం వాయువు చిక్కుకొని ఉంటుంది. ఆల్ఫా కణాలే హీలియంగా మారుతాయని ఆయన ఊహించాడు; 1909లో రాయిడ్స్‌తో కలిసి దానిని నిరూపించాడు. యురేనియం ఎంత వేగంతో విఘటనం చెందుతుందో, దాని నుండి ఎంత హీలియం పుడుతుందో తెలిస్తే, రాతిలో పోగుపడిన హీలియాన్ని కొలిచి ఆ రాయి ఎంత కాలం క్రిందట ఏర్పడిందో చెప్పవచ్చు. ఈ పద్ధతిలో రూథర్‌ఫర్డ్ గణించిన ఖనిజాల వయస్సు కొన్ని పదుల కోట్ల సంవత్సరాలుగా తేలింది. కొంత హీలియం రాతి నుండి తప్పించుకొని పోతుంది కనుక అది కనిష్ఠ వయస్సు మాత్రమే. యురేనియం పరంపరలో చివరకు మిగిలేది సీసమని గ్రహించిన అమెరికా శాస్త్రజ్ఞుడు బోల్ట్‌వుడ్, 1907లో సీసం ఆధారంగా ఖనిజాల వయస్సును 41 కోట్ల నుండి 220 కోట్ల సంవత్సరాల వరకు లెక్కించాడు. ఈ మార్గంలోనే ముందుకు సాగి క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో భూమి వయస్సును సుమారు 455 కోట్ల సంవత్సరాలుగా నిర్ణయించాడు. మానవుడు పుట్టక ముందటి కాలాన్ని మానవుడే కొలవగలిగాడు.

1907లో రూథర్‌ఫర్డ్ ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. మూలకాల విఘటనంపై చేసిన కృషికి 1908లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. జీవితమంతా భౌతిక శాస్త్రజ్ఞుడుగా గడిపిన ఆయనకు ఇది వినోదంగా తోచింది. తాను చూసిన పరివర్తనలన్నిటిలో తాను భౌతిక శాస్త్రజ్ఞుని నుండి రసాయన శాస్త్రజ్ఞుడుగా మారడమే అతి వేగవంతమైనదని సభలో చమత్కరించాడు.

రేడియం సగం కావడానికి వేయికి పైగా సంవత్సరాలు పడుతుంది. అంతకాలం ఎవరూ కాచుకొని ఉండలేరు. మరి దాని అర్ధజీవితకాలాన్ని కొలవడం ఎట్లా? రూథర్‌ఫర్డ్, ఆయన సహచరుడు హాన్స్ గైగర్ 1908లో దీనికి చక్కని ఉపాయం కనుగొన్నారు. ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే సాధనాన్ని రూపొందించి, ఒక గ్రాము రేడియం సెకనుకు సుమారు 3,400 కోట్ల ఆల్ఫా కణాలను వెలువరిస్తుందని గణించారు. ఒక గ్రాము రేడియంలోని పరమాణువుల సంఖ్య 27 పక్కన 20 సున్నాలు పెట్టినంత. మొదటి సంఖ్యను రెండవ సంఖ్యతో భాగిస్తే ఒక సెకనులో ఎన్నవ వంతు విఘటనం చెందుతుందో తెలుస్తుంది. దీనినే విఘటన స్థిరాంకం అంటారు. 0.693 అనే సంఖ్యను విఘటన స్థిరాంకంతో భాగిస్తే అర్ధజీవితకాలం లభిస్తుంది. ఈ 0.693 మరేమో కాదు, 2 యొక్క సహజ సంవర్గమానం. ఈ విధంగా వారికి వచ్చిన ఫలితం 1,760 సంవత్సరాలు. నేడు అంగీకరింపబడిన విలువ సుమారు 1,600 సంవత్సరాలు. ఆనాటి పరికరాలతో ఇంత దగ్గరగా రాగలగడం విశేషం.

అయితే ఏ పరమాణువు ఎప్పుడు విఘటనం చెందుతుంది? మనుషులకు వయస్సు పైబడే కొద్దీ మరణం దగ్గరవుతుంది. పరమాణువుకు అటువంటి ముసలితనం లేదు. వేయి సంవత్సరాలు నిలిచిన రేడియం పరమాణువుకూ, నిన్న పుట్టిన రేడియం పరమాణువుకూ రేపు విఘటనం చెందే అవకాశం సమానమే. ఇది సంభావ్యతకు సంబంధించిన నియమమని 1905లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ష్వైడ్లర్ వివరించాడు. 1910లో రూథర్‌ఫర్డ్, గైగర్ దీనిని పరీక్షించారు. పొలోనియం నుండి వచ్చే ఆల్ఫా కణాలు తెరపై కలిగించే మెరుపులను ఏడున్నర సెకన్ల చొప్పున 2,608 వ్యవధులలో లెక్కించారు. మొత్తం పదివేలకు పైగా మెరుపులు. ఒక్కొక్క వ్యవధిలో ఎన్ని వస్తాయో ముందుగా చెప్పడం అసాధ్యం. కాని మొత్తం పంపిణీ సంభావ్యతా సూత్రానికి చక్కగా సరిపోయింది. ఒక్కొక్క పరమాణువు గతి అనూహ్యం, కోటానుకోట్ల పరమాణువుల గతి సునిశ్చితం. ఆల్ఫా విఘటనంలో ఇట్లా ఎందుకు జరుగుతుందో 1928లో క్వాంటమ్ సిద్ధాంతం సహాయంతో గామో మొదలైనవారు వివరించగలిగారు.

1911లో పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించడం, 1919లో నైట్రోజన్ కేంద్రకాన్ని ఆల్ఫా కణాలతో ఢీకొట్టించి ప్రోటాన్‌ను వెలికితీసిన ఫలితాలను ప్రకటించడం రూథర్‌ఫర్డ్ తదుపరి విజయాలు. 1919లో ఆయన తన గురువు థామ్సన్ స్థానంలో కేవెండిష్ ప్రయోగశాల సంచాలకుడయ్యాడు. 1932లో ఆయన శిష్యుడు చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. అదే సంవత్సరం కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లు త్వరణం చెందించిన ప్రోటాన్లతో కేంద్రకాన్ని ఛేదించారు. 1933లో జర్మనీ నుండి తరిమివేయబడిన విద్వాంసులను ఆదుకొనడానికి ఏర్పడిన సంస్థకు రూథర్‌ఫర్డ్ అధ్యక్షత వహించి, వారికి ఆశ్రయం కల్పించడానికి పాటుపడ్డాడు. పరమాణువుల నుండి పెద్ద ఎత్తున శక్తిని పొందడం మాత్రం ఊహాగానమేనని ఆయన అదే సంవత్సరం కొట్టివేశాడు. 1938 చివరలో కేంద్రక విచ్ఛిత్తి బయటపడటంతో ఆ అభిప్రాయం తప్పని తేలింది. కాని దానిని చూడటానికి ఆయన జీవించి లేడు.

ఆయన వ్యక్తిగత జీవితంలో 1930 విషాదాన్ని తెచ్చింది. ఏకైక కుమార్తె ఐలీన్ ఆ సంవత్సరం డిసెంబరులో మరణించింది. కొద్దిరోజులలోనే, 1931 కొత్త సంవత్సరం నాడు ఆయనకు బారన్ బిరుదు ప్రకటింపబడింది. బిరుదు పొందినవారు తమ వంశచిహ్నాన్ని రూపొందించుకొనడం ఆ దేశపు ఆచారం. రూథర్‌ఫర్డ్ తన చిహ్నంలో జన్మభూమికి గుర్తుగా కివి పక్షిని చేర్చాడు. డాలు మీద కేంద్రక చిత్రాన్ని వేయించుకోలేదు. మాంట్రియల్‌లో తాను గీసిన తరుగుదల, పెరుగుదల వక్రరేఖలు రెండూ ఒకదానినొకటి ఖండించుకుంటున్నట్లు చిత్రింపజేశాడు.

1938 జనవరిలో కలకత్తాలో భారత వైజ్ఞానిక సమ్మేళనం రజతోత్సవాలు జరగవలసి ఉన్నాయి. వాటికి అధ్యక్షత వహించడానికి రూథర్‌ఫర్డ్ అంగీకరించి, ప్రసంగాన్ని కూడా సిద్ధం చేసుకున్నాడు. కాని హెర్నియా వ్యాధి ముదిరి, శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేక 1937 అక్టోబరు 19వ తేదీన కేంబ్రిడ్జ్‌లో కన్నుమూశాడు. కలకత్తా సభకు జేమ్స్ జీన్స్ అధ్యక్షత వహించగా, రూథర్‌ఫర్డ్ రాసి ఉంచిన ప్రసంగం ఆ సభలో చదవబడింది. ఆయన చితాభస్మాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటన్ సమాధికి చేరువలో నిక్షేపించారు. 104వ మూలకానికి 1997లో రూథర్‌ఫర్డియం అన్న పేరు స్థిరపడింది.

నేడు పురావస్తు శాస్త్రజ్ఞులు త్రవ్వకాలలో దొరికిన బొగ్గు ముక్క వయస్సును చెప్పేది కార్బన్-14 యొక్క 5,730 సంవత్సరాల అర్ధజీవితకాలం ఆధారంగానే. థైరాయిడ్ చికిత్సకు వాడే అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది కనుక, 24 రోజులలో దాని ధార్మికత ఎనిమిదవ వంతుకు, 80 రోజులలో 1,024వ వంతుకు తగ్గుతుందని వైద్యులు ముందే లెక్క కట్టగలరు. అణు విద్యుత్కేంద్రాల వ్యర్థాలలోని ప్లుటోనియం-239 సగం కావడానికి దాదాపు 24,100 సంవత్సరాలు పడుతుంది. దానిని ఎంతకాలం భద్రపరచాలో, రాబోయే ఎన్ని తరాల వారి పట్ల మనకు బాధ్యత ఉందో ఆ సమీకరణమే తెలుపుతుంది. వ్యాధిని నయం చేసే మందు మోతాదుకూ, భావితరాలను కాపాడే జాగ్రత్తకూ నేడు ఆధారమైన ఈ నియమం, గాలికి మారిపోయే ఒక కొలతను ఉపేక్షించకుండా దాని కారణాన్ని అన్వేషించిన ఒక నిరాడంబర పల్లెబిడ్డ పట్టుదలకు ఫలం.